దుర్మార్గుడికి ఒక బాల్యం కావలెను

కథల్లోని దుర్మార్గులకి కూడా మనసుంటుందని మా ప్రభుత్వం కాస్త ఆలస్యంగా గ్రహించింది. గ్రహించాక మాత్రం ఆలస్యం చెయ్యలేదు. ఆ ఏడాది రాజధానిలో ఓ పెద్ద హోటల్లో పాత్రల మనోగాయాల మీద సదస్సు జరిగింది. ఎవరో వక్త ఒక నవలలోని హంతకుడి చిన్నతనం గురించి చెబుతుంటే ఓ ఉన్నతాధికారి వెక్కి వెక్కి ఏడ్చారట. పైఅధికారి ఏడిస్తే కిందివాళ్ళు ఊరుకుంటారా? హోదాల వారీగా అందరూ ఏడ్చారు. భోజనాల వేళకల్లా ఒక కొత్త విభాగం పుట్టింది. దాని పేరు 'కల్పిత పాత్రల మనోగాయ పరిశీలన మరియు సానుభూతి విభాగం'.

దీన్ని ఎగతాళి చేసేవాళ్ళున్నారు. నేను చెయ్యను. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి, ప్రభుత్వం మంచిపని చేస్తే మెచ్చుకోవడం నాకు సర్వీసులో అబ్బిన అలవాటు. అదీకాక, ఆ విభాగంతో నాకు నేరుగా పనిపడింది.

మా సీతంపాలెంలో ఏటా నాటకాల పోటీలు జరుగుతాయి. పరిషత్తు అంటారు. మా సమాజం తరఫున నేను రాసిన 'రెండెకరాలు' అనే నాటిక ఆడతాం. కథ సులువే. రైసుమిల్లు గరళకంఠం అనేవాడు ఒక వితంతువు పొలం కాజేసి, ఇల్లు ఖాళీ చేయించి, ఆవిణ్ణి వానలో నిలబెడతాడు. చివర్లో జైలుకి పోతాడు. జైలు సీను చాలామంది చూడరు. వాన సీను కాగానే గరళకంఠాన్ని కడుపారా తిట్టుకుని ఇళ్ళకి వెళ్ళిపోతారు.

గరళకంఠం వేషం మా చంద్రానిది. మట్టపర్తి సూర్యచంద్రరావు, ఆర్టీసీలో కండక్టరు. ముసలాళ్ళని చెయ్యి పట్టుకుని బస్సెక్కించే మనిషి. మొహాన రంగు పడిందా, పసిపిల్లలు దడుసుకుంటారు. నాటకం అయ్యాక మిగతా నటులు రంగు కడుక్కుంటారుగానీ చంద్రం కడుక్కోడు. ఆ కోరమీసంతో, ఆ పట్టులాల్చీతో అలాగే స్టేజి దిగి జనం మధ్యనుంచి నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్తాడు. ముందు చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళు శాపనార్థాలు పెడతారు, గుప్పెళ్ళతో మన్ను పోస్తారు. మా సమాజంలో దీన్ని 'తిట్లేరుకోవడం' అంటాం. పరిషత్తువాళ్ళు ఇచ్చిన షీల్డులు అతనింట్లో బియ్యం డబ్బాలకి మూతలుగా పనిచేస్తున్నాయి. చేపల బజారు వరహాలమ్మ తిట్టిన తిట్లు మాత్రం ఏ ఏటివి ఆ ఏటికి అప్పజెబుతాడు. తిట్టడంలో మా చుట్టుపక్కల ఆవిడ మాటే ఆఖరి మాట.

ఈసారి ఆ నడక మీద చంద్రానికి మరీ ఆశగా ఉంది. అతని గొంతులో గడ్డ లేచింది. కాకినాడ డాక్టరు ఆపరేషన్ తప్పదన్నాడు. మాట మళ్ళీ వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేనన్నాడు. పరిషత్తయిన మర్నాడు వచ్చి చేరమన్నాడు.

"మేష్టారూ, ఈసారి గట్టిగా తిట్టించుకోవాలండి," అన్నాడు చంద్రం, మా వీధరుగు మీద కూర్చుని. "మళ్ళీ ఛాన్సు ఉంటాదో లేదో ఎవడికెరికండి? ఊరంతా ఛీ అన్నాదనుకోండి, ఆ మాటలు చెవుల్లో ఉండగా ఎళ్ళి ఆ బల్ల మీద పడుకుంటాను. ఇంక ఆళ్ళిష్టం."

నాకు దుఃఖం ఆగలేదు. "తిట్టిస్తానోయ్, నాదీ పూచీ," అని మాటిచ్చాను. ఆ వారంలోనే సర్క్యులర్ వచ్చింది.

"రంగస్థలముపై దుష్కార్యమునకు పాల్పడు ప్రతి పాత్రయు, సదరు దుష్కార్యమునకు ముందుగా ఒక బాల్యగాయమును కలిగియుండవలెను. గాయరహిత దుర్మార్గము ఎట్టి పరిస్థితులలోను అనుమతించబడదు." ఇదీ సారాంశం. నాటిక ప్రతిని జిల్లా సానుభూతి అధికారికి చూపించి అనుమతి తెచ్చుకోవాలి.

సానుభూతి కార్యాలయం పాత పశువుల ఆసుపత్రి భవనంలో పెట్టారు. నేను వెళ్ళేసరికి గుమ్మంలో బంట్రోతు ఓ ముసలాయన మీద కేకలేస్తున్నాడు. "కొడుకు కొట్టాడా? నిజంగా కొట్టాడా, కథలోనా? నిజంగానా? అయితే ఇక్కడికెందుకొచ్చావయ్యా, పోలీస్‌స్టేషన్‌కి పో! జాలిపడే ఆఫీసులో కూడా పని చేసుకోనివ్వరా?" అని ఆయన్ని మెట్లు దింపి, నన్ను చూసి చేతులు కట్టుకుని, "నాటకం తాలూకానాండి? దయచేయండి," అన్నాడు.

అధికారి వెలగలేటి మురహరిగారు పొడుగ్గా, పొడిగా, సఫారీ సూటులో ఉన్నారు. కుర్చీకి తెల్లటి టర్కీ తువ్వాలు. ఆయన లేచి నిలబడ్డప్పుడల్లా ఆ తువ్వాలు సర్దుకుని గాని అడుగు కదపరు. దాహమేస్తే 'తాగునీటిని సరఫరా చేయవలసినది' అని బంట్రోతుని అడగడం నా చెవులారా విన్నాను.

"గరళకంఠము అని నామకరణము చేయుటయే పాత్రపై రచయిత యొక్క పక్షపాత వైఖరిని సూచించుచున్నది," అన్నారు నా ప్రతిని చూస్తూ.

"పేరు మార్చమంటారాండి?"

"అవసరము లేదు. సదరు పేరు కారణముగా పాఠశాలలో తోటి బాలురు గేలిచేసినట్లు ఒక దృశ్యమును జతపరచండి. అది ఉపగాయముగా పరిగణింపబడును. ఇక ప్రధాన గాయము?"

"వాళ్ళ నాన్న బెల్టుతో బాదేవాడండి," అన్నాను అప్పటికప్పుడు.

ఆయన కళ్ళజోడు తీశారు. కళ్ళలో నిజంగానే తడి. "అయ్యో," అన్నారు. తుడుచుకుని కళ్ళజోడు పెట్టుకున్నారు. "తండ్రి బాదినాడనగా తండ్రియు దుష్కార్యమునకు పాల్పడినట్లే గదా. తండ్రి గాయమేది?"

"తాత అతన్ని బావిలో వేళ్ళాడదీసేవాడండి."

"అయ్యో. తాత గాయమేది?"

నేను ముత్తాతని తెచ్చాను. ముత్తాత, తాతకి అన్నం పెట్టకుండా పశువుల పాకలో కట్టేసేవాడన్నాను. మురహరిగారు ముత్తాత కోసం కూడా కళ్ళు తుడుచుకుని నావంక చూశారు. ఇలా పోతే గరళకంఠం వంశంలో చక్కిముక్కి రాళ్ళతో కొట్టుకున్నవాళ్ళదాకా వెళ్ళాలని నాకు అర్థమైంది.

"ముత్తాతని ఎవరూ ఏమీ అనలేదండి. ఉప్పెనొచ్చి ఇల్లూ గొడ్లూ కొట్టుకుపోయాయి. అప్పట్నుంచీ ఆయనకి చిరాకు."

మురహరిగారు కలం ఎత్తి ఆలోచించారు. "ఉప్పెనకు ఏదైనా..." అని ఆశగా అడగబోయి, నిట్టూర్చారు. "ఉప్పెన విపత్తుల శాఖ పరిధిలోనిది. ఇచ్చట ముగించవచ్చును."

"మరి ఆ వితంతువు సంగతేంటండి? పొలం పోయింది ఆవిడదే కదా."

"ఆమెయందు ఏదేని లోపమున్నదా?"

"లేదండి. మంచి మనిషి."

"లోపరహిత పాత్రలు పథకమునకు అర్హులు కారు," అని సంతకం పెట్టారు.

వితంతువు వేషం రాజమండ్రి నుంచి వచ్చే మాణిక్యానిది. నెలకి అరడజను సమాజాల్లో ఆడే నటి, ఎవరి స్టేజి మీద ఎప్పుడు ఏడవాలో నిద్రలో లేపినా చెబుతుంది. రిహార్సల్లో విషయం చెప్పగానే నడుం మీద చెయ్యి పెట్టింది.

"అంటే ఏంటి మేష్టారూ? పొలం పోయింది నాది, ఇల్లు పోయింది నాది, వానలో తడిసి జలుబు తెచ్చుకునేది నేను. జాలి మటుకు ఆయనకా?"

"నీకు లోపం లేదు కదమ్మా."

"అయితే నాకూ ఓటి తగలెయ్యండి. పక్కింటి కోడిని కోసుకు తిన్నానని రాయండి, తిన్నానంటే పోయె."

న్యాయంగానే తోచి ఆ కోడి సంగతి రాసి పంపించాను. కోడి దొంగతనం దుష్కార్యం కింద వస్తుంది కాబట్టి వితంతువుకి కూడా బాల్యగాయం, ఆవిడ తల్లికీ, అమ్మమ్మకీ తగుపాటి గాయాలు జతపరచమని జవాబు వచ్చింది. పరిషత్తులో నాటిక గంట దాటకూడదు. కోడిని వదిలేశాం.

తాతలూ ముత్తాతలూ అయ్యేసరికి గరళకంఠానికి దుర్మార్గం చెయ్యడానికి మిగిలిన టైము టీ తాగడానికి కూడా చాలదు. చంద్రానికి ఒళ్ళు మండింది. "ఏంటండి ఇది? తెర లేచిన కాణ్ణించీ దెబ్బలు తింటవే గానీ నేనెప్పుడు కొట్టాలండి? బళ్ళో ఏడుపు, బావి కాడ ఏడుపు, పాకలో ఏడుపు. ఈ ఏడుపులన్నీ చూశాక నన్నెవడు తిడతాడండి?"

"నువ్వు వాన సీనులో నిలబెట్టెయ్యి చంద్రం. నీ నవ్వొక్కటి చాలు," అన్నాను. పైకి అన్నానేగానీ నాకూ నమ్మకం లేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ప్రభుత్వం ఒక మంచిపని మొదలుపెడితే సగంలో వదలదు. పాత్రలకి గాయాలు పెట్టించాక కూడా ప్రేక్షకులు మొండిగా తిడతారేమోనని అనుమానం వచ్చి 'పాత్రదూషణ' నిషేధించారు. చేపల బజారు వెనక షామియానా వేసి ఆడవాళ్ళకి 'ప్రేక్షక సున్నితీకరణ తరగతులు' పెట్టారు. హాజరైనవాళ్ళకి పులిహోర పొట్లం. నాటకం రోజున జనంలో నిలబడి, నోరు జారినవాళ్ళని ఆపడానికి పసుపు పట్టీలు కట్టిన 'సానుభూతి మిత్రు'ల్ని కూడా తయారుచేశారు.

చంద్రం బస్సు దిగి చేపల బజారు మీదుగా వస్తుంటే వరహాలమ్మ బుట్ట పక్కన పెట్టి లేచి ఎదురెళ్ళింది.

"నాయనా సెంద్రం, నిన్నింక తిట్టకూడదంట కదరా. ఆఫీసరుగారు సెప్పేరు. నిన్ను సిన్నప్పుడు మీ నాన్న బెల్టుతో బాదేసేవోడంట కదా. ఎంత నలిగిపోయావో, పాపం."

"లేదు పిన్నీ! మా నాన్న నన్ను పల్లెత్తు మాట అన్లేదు. నువ్వు నమ్మకే!"

"దాసుకోకురా. దాసుకుంటే గాయం ముదిరిపోద్దంట," అని వరహాలమ్మ అతని తల నిమిరి, మంచి కొరమీను ఒకటి ఆకులో చుట్టి చేతిలో పెట్టింది.

ఆ చేప పట్టుకుని చంద్రం నేరుగా మా ఇంటికొచ్చాడు. ఇల్లు కాలిపోయినవాడు కూడా అలా కూలబడడు. "చేపిచ్చిందండి," అన్నాడు. "వరహాలమ్మ పిన్ని. నాకు. చేపిచ్చిందండి." గొంతు అప్పటికే కొంచెం బొంగురుపోయింది.

నేను ఉండబట్టలేక మళ్ళీ పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. మురహరిగారికి చంద్రం గొంతు సంగతి, డాక్టరన్న మాట, ఆ మర్నాటి ఆపరేషన్ సంగతి అంతా చెప్పాను. "ఒక్కసారికి పాత నాటిక ఆడనివ్వండి. తిట్టేవాళ్ళని తిట్టనివ్వండి. ఇది ఆ మనిషికి ఆఖరి కోరిక లాంటిది," అని చేతులు పట్టుకున్నాను.

ఆయన శ్రద్ధగానే విన్నారు. "సదరు సూర్యచంద్రరావు వాస్తవ వ్యక్తియా?"

"అవునండి. ఆర్టీసీలో కండక్టరు."

"విచారకరము. మా విభాగము కల్పిత పాత్రలకు మాత్రమే పరిమితము. వాస్తవ వ్యక్తులపై సానుభూతి చూపుటకు మాకు అధికారము గాని, బడ్జెట్టు గాని లేవు. వారు ఆరోగ్య శాఖను సంప్రదించవచ్చును." నేను లేవబోతుంటే ఆపారు. "అన్నట్లు, నూతన ఆదేశములు వచ్చినవి. దుష్కార్యము ముగిసిన వెంటనే రంగస్థలముపైననే దుర్మార్గునికి ఓదార్పు కల్పించవలెను. అందుకు శిక్షణ పొందిన వ్యక్తి జిల్లాలో నేనొక్కడనే. కావున ఓదార్చు పాత్రను నేనే పోషించెదను. నా కుర్చీని నేను తెచ్చుకొనెదను."

తెచ్చుకున్నారు కూడా. పరిషత్తు రోజున గ్రీన్‌రూమ్‌లో మా తెరల మధ్య ఆయన కుర్చీ, దానికి ఇస్త్రీ చేసిన తువ్వాలు. చంద్రం అద్దం ముందు కూర్చుని మీసం అంటించుకుంటున్నాడు.

నాటిక మొదలైంది. బడి సీనుకి జనం చ్చొ చ్చొ అన్నారు. బావి సీనుకి కొంగులు కళ్ళకి వెళ్ళాయి. ముత్తాత గొడ్లు ఉప్పెనలో కొట్టుకుపోతుంటే వెనక కుర్చీల్లో ఎవరో బావురుమన్నారు. ఆఖరికి వాన సీను వచ్చింది. చంద్రం మాణిక్యాన్ని జబ్బ పట్టి బయటికి లాగి, గొళ్ళెం పెట్టి, కిటికీలోంచి నవ్వాడు. ఎన్నో పరిషత్తుల్లో పందిళ్ళు అదరగొట్టిన నవ్వు అది. అతనికి మిగిలిన గొంతంతా అందులో పెట్టేశాడని నాకు తెలుసు.

చాపల మీద వరహాలమ్మ లేచి నిలబడింది. నోరు తెరిచింది. పక్కనున్న పసుపు పట్టీ అమ్మాయి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. వరహాలమ్మ నోరు మూసుకుని, మళ్ళీ తెరిచి, "పాపం," అని కూర్చుంది.

కిటికీలో చంద్రం మొహం చూడలేకపోయాను.

దీపాలు మారాయి. మురహరిగారి కుర్చీ స్టేజి మధ్యకొచ్చింది. ఆయన వచ్చి, తువ్వాలు సర్దుకుని, కూర్చుని, చంద్రాన్ని ఎదురుగా పీట మీద కూర్చోమన్నారు. "నాయనా గరళకంఠమా, నీ గాయమును వెల్లడించుము. భారము దిగును."

ఇక్కడ చంద్రం వెక్కి వెక్కి ఏడవాలి. రాసింది నేనే. అతను ఏడవలేదు. జనం వైపు ఒకసారి చూశాడు. చాపల మీద వరసగా తడి కళ్ళు, తడి కొంగులు. మురహరిగారి వైపు తిరిగాడు.

"గాయమా? నాకే గాయమూ లేదు," అన్నాడు తాపీగా. "ఇందాకటి నుంచీ చూసినవన్నీ ఉత్తివే. మా నాన్న దేవుడు. మా అమ్మ వెన్నముద్దలు పెట్టి పెంచింది. బళ్ళో నన్నెవరూ ఏడిపించలేదు, అందర్నీ నేనే ఏడిపించేవాణ్ణి. ఆ రెండెకరాల మీద మనసైంది, లాక్కున్నాను. అంతే."

చాపల మీద కొంగులు కళ్ళమీంచి దిగాయి.

"ఇది ప్రతిలో లేదు," అని మురహరిగారు గొణిగారు. అయినా శిక్షణ పొందిన మనిషి కదా, గొంతు సవరించుకున్నారు. "నీ అంతరంగమున ఎంతయో బాధ..."

"లే," అన్నాడు చంద్రం.

"ఏమి?"

"కుర్చీలోంచి లెమ్మంటున్నా." ఆ చూపుకి ఎవరైనా లేస్తారు. మురహరిగారూ లేచారు. చంద్రం ఆ కుర్చీలో కూర్చుని కాలు మీద కాలేసుకున్నాడు. "ఈ ముండకి ఒంటరితనం తప్ప ఏముందయ్యా? ఇల్లెందుకు దానికి? రేపు దాని గేదెని కూడా తోలుకొస్తా. ఏం, చూస్తావే? జాలి పడు! నీకు జీతమిచ్చేది నామీద జాలి పడడానికే కదా. పడవేం?" అంటూ కుర్చీ వెనక్కి చెయ్యి పోనిచ్చి, ఆ తెల్లటి తువ్వాలు లాగి, దాంతో కాళ్ళకున్న బురద ఒక్కో వేలూ తీరిగ్గా తుడుచుకుని, మురహరిగారి మొహాన విసిరాడు.

మురహరిగారి మొహం ముందు తెల్లగా, తర్వాత ఎర్రగా అయింది.

"ఓరి... ఓరి దొంగవెధవా! నీ మొహం మండ! ఆ ఆడకూతురు పొలం మింగి, ఇల్లు మింగి, పైగా నా తువ్వాలుతో... నీకు పుట్టగతులుండవురా! నీ నోరు పడిపోను!"

ఆయన నోట మామూలు తెలుగు వినడం నాకు అదే మొదలు. ఆఖరి మాట వినగానే నాకు మర్నాటి ఆపరేషన్ గుర్తొచ్చింది. ఆయనకీ గుర్తొచ్చినట్టుంది, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు.

చంద్రం మాత్రం లేచి రెండు చేతులూ జోడించాడు. పెళ్ళిపీటల మీద కూడా అతని మొహం అంతలా వెలిగి ఉండదు.

"ఆఫీసరుగారే తిట్టేరే! ఇంక మనకేటి అడ్డం!" అని వరహాలమ్మ కేక వేసింది. పసుపు పట్టీ అమ్మాయిని పక్కకి నెట్టేసి మొదలుపెట్టింది. ఆవిడ ఆరోజు తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే ఈ కథ అచ్చవదు. చాపలు చాపలే లేచాయి. మాణిక్యం తడి చీరతో తెర వెనకనుంచి వచ్చి, నాటికలో లేనివి కూడా అందుకుంది. సానుభూతి మిత్రులు కాసేపు ఆపి చూసి, తర్వాత వాళ్ళూ అందుకున్నారు. చంద్రం రంగు కడుక్కోకుండా స్టేజి దిగాడు. ఆ మన్నులో, ఆ శనక్కాయ తొక్కల్లో, ఊరేగే దేవుడిలాగా చాలా నెమ్మదిగా నడిచాడు. నేను ఏడుస్తూ వెనకాల నడిచాను.

మాకు బహుమతి రాలేదు. పాత్రదూషణకి పాల్పడిన ప్రభుత్వోద్యోగిగా మురహరిగారికి సంజాయిషీ మెమో వచ్చింది.

ఆపరేషన్ అయింది. గడ్డ పోయింది, మాట రాలేదు. కొన్ని నెలలు చూడాలన్నాడు డాక్టరు, మొహం పక్కకి తిప్పుకుని. నేను వార్డులో మంచం పక్కన కూర్చుని ఏవేవో కబుర్లు చెబుతున్నాను. చంద్రం మెడచుట్టూ కట్టుతో పైకప్పు చూస్తున్నాడు. ఏ మాటకీ తల తిప్పడం లేదు.

అప్పుడు మురహరిగారు వచ్చారు. సఫారీ లేదు, మామూలు చొక్కా. చేతిలో బత్తాయిల సంచి. మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డారు.

"తమ ఆరోగ్య పరిస్థితి..." అని ఆగిపోయారు. బత్తాయిలు కింద పెట్టారు. "నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది. మేష్టారు ముందే చెప్పారు. తెలిసుండీ అన్నాను. క్షమించు." ఆయన కళ్ళు నిండిపోయాయి.

చంద్రం ఆ కన్నీళ్ళు చూసి మొహం చిట్లించాడు. అడ్డంగా చెయ్యి ఊపాడు. తర్వాత తన గుండె మీద వేలు పెట్టుకుని, మురహరిగారి నోటివైపు చూపించి, మళ్ళీ అనమన్నట్టు వేళ్ళు ఆడించాడు.

మురహరిగారు నావంక చూశారు. ఆయన అటూ ఇటూ చూసి, మంచం మీదికి వంగి, "దొంగవెధవ," అన్నారు మెల్లిగా.

చంద్రం చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"దొంగవెధవా! నీచుడా!" మురహరిగారి గొంతు లేచింది. చంద్రం 'ఇంకా' అన్నాడు చేత్తో. "నీ మొహం మండ! నీ మిల్లు తగలబడ! ఆ ఇల్లాలి ఉసురు నీకు తగలకపోదురా, గరళకంఠం!" వార్డంతా మారుమోగింది. పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు. చంద్రం కళ్ళు మూసుకుని వింటున్నాడు. మెడకట్టుకి పైన మీసం లేని పెదవి పక్కకి సాగి, ఆ పాత గరళకంఠం నవ్వు శబ్దం లేకుండా వచ్చింది.

నర్సు పరిగెత్తుకొచ్చింది. "ఏవండీ, మతుందా మీకు? ఆపరేషనైన మనిషిని పట్టుకుని ఆ తిట్లేంటి? అసలెవరు మీరు ఈయనకి?"

మురహరిగారు చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నారు.

"అభిమానినమ్మా," అన్నారు.